సముద్రం లేని ఊళ్లో పడవ

అది 2020 చలికాలం. జర్మనీలో, పాడర్‌బోర్న్‌లోని ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. కోవిడ్ వల్ల బయటివాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. బంధువులతో మాటలన్నీ ఫోన్లోనే.

ఆశ్రమంలో ఉండే కోస్టాస్ యవ్వనంలో అన్నతో గొడవపడి గ్రీసు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన మనిషి. మళ్లీ ఊరి ముఖం చూడలేదు. తనకెవరూ లేరనే చెప్పేవారు. గుండె బలహీనపడి ఆయన మంచం పట్టిన వారంలోనే, గ్రీసు నుంచి యానిస్ అనే అతను ఫోన్ చేశాడు.

"ఆయన అన్న కొడుకుని. బాబాయి ఎలా ఉన్నారు?" అన్నాడు వచ్చీరాని జర్మన్‌లో.

మనవణ్ణని ఫోన్ చేసి ముసలివాళ్లను మోసగించడాన్ని ఇక్కడ ఎంకెల్‌ట్రిక్ అంటారు. ఇన్నేళ్లు లేని చుట్టం ఇప్పుడెలా పుట్టుకొచ్చాడు? ఏ వివరమూ ఇవ్వకుండా ఫోన్ పెట్టేశాను. మర్నాడు మళ్లీ చేస్తే, ఊరి గురించి చెప్పమన్నాను.

"ఇంటి ముందే నీళ్లు. చిన్నప్పుడు నాన్న పడవలో తిప్పేవాడు."

ఆ మాట వెళ్లి చెప్పగానే కోస్టాస్ దిండు మీంచి తలెత్తారు.

"పడవా? మాది పశ్చిమ మాసిడోనియా, సిస్టర్. గ్రీసులో సముద్రం తగలని ప్రాంతం అదొక్కటే. కొండలు, కుంకుమపువ్వు చేలు, ఎక్కడో కింద అలియాక్మోనస్ నది. వాడు దొంగ."

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే, మా ఆయన ఫోన్లో మ్యాప్ తీశాడు. ఆయనది వరంగల్.

"ఇగో, నది మీద ఎంత పెద్ద చెరువున్నదో చూడు. డెబ్బైలల్ల డ్యామ్ కట్టిండ్రంట, ఊళ్లు మునిగినయంట. ఆయనెప్పుడొచ్చిండు ఈడికి?"

"అంతకు ముందే."

మర్నాడు యానిస్‌ను పాత ఊరేమైందని అడిగాను.

"నీళ్ల కిందుంది. మేం పైన కొత్త ఊళ్లో ఉంటున్నాం. నాన్న రాసిన ఉత్తరాలన్నీ బాబాయి తిప్పి పంపేశాడు. పోయిన నెల నాన్న కోవిడ్‌తో పోయాడు. పోతూ తమ్ముణ్ణి వెతకమన్నాడు."

ఊరు మునిగిందని మ్యాప్ చూసినవాడెవడైనా చెప్పగలడు, మిగతాది కల్పించనూగలడు. అనుమానం తీరక, కోస్టాస్‌నే అడిగి వీడియో కాల్ కలిపి పక్కనే నిలబడ్డాను. యానిస్ కెమెరాను బయటికి తిప్పాడు. తెర నిండా నీళ్లు.

"ఇది మా ఊరు కాదు," అన్నారు కోస్టాస్. కాసేపటికి ఆయన వేలు నీళ్ల వెనకున్న కొండ మీద ఆగింది. "అన్నా నేనూ మేకలు కాసిన కొండ..."

తర్వాత, అన్న గురించి కాబోలు, గ్రీకులో ఏదో అడిగారు. యానిస్ కెమెరాను తనవైపు తిప్పుకుని తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన ఏడుస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

వసంతంలో పోయేదాకా, ఆయన అన్న కొడుకుతో రోజూ మాట్లాడారు.

ఇప్పటికీ ముక్కూమొహం తెలియని గొంతుకు నేను ఏ వివరమూ చెప్పను. కానీ ఇద్దరు చెప్పేది పొసగనప్పుడు, ఎవరిది ఏ కాలపు మాటో ముందు కనుక్కుంటాను.