చిలకకొయ్య మీది నాయన

మా పెళ్ళయిన మొదటి ఐదేళ్ళలో మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్న రోజులెన్నో నా డైరీలు చూసి చెప్పగలను. చెప్పను. మీకు జాలేస్తుంది, అప్పట్లో మాకేమో మా మీద అంత జాలి ఉండేది కాదు. ఆయన కడప జిల్లాలో కాలువ సర్వేలో పనిచేసేవారు. డేరాల్లో నివాసం, నెలకొక ఊరు. నేను ఆలూరు దగ్గరి పల్లెలో మిషన్ బడి పంతులమ్మను. మూడు నెలలకో నాలుగు నెలలకో ఆయనకు నాలుగు రోజుల సెలవు దొరికేది.

మా అమ్మాయికి మాటలు వస్తున్న ఏడాది నేనొక ఏర్పాటు చేశాను. పిల్ల నాయనను మరిచిపోకూడదు కదా. పెళ్ళి ఫోటో మా అత్తగారింట్లో ఉండిపోయింది. అందుకని ఆయన వదిలివెళ్ళిన నీలం చారల చొక్కాను చిలకకొయ్యకు తగిలించాను. సాయంత్రం ప్రార్థన కాగానే పిల్లనెత్తుకుని దాని ముందు నిలబడేదాన్ని. "నాయనకు దండం పెట్టు" అంటే పెట్టేది. "ఏం తిన్నావో చెప్పు" అంటే చెప్పేది. ఆ చొక్కాను నేను ఉతకలేదు. పిల్ల కోసమని డైరీలో రాసుకున్నాను. అది పూర్తి నిజం కాదు. ఎక్కాలు నేర్పినట్టు ఒక్కరోజు తప్పకుండా నేర్పాను. పాఠం బాగా వచ్చింది.

ఎండలు ముదురుతున్నప్పుడు ఆయన వచ్చారు. ఖాకీ చొక్కా, నల్లబడిన ముఖం, చేతిలో బుడ్డల సంచి. వేరుశనక్కాయలను మావైపు బుడ్డలంటాం. పిల్ల నా చీర వెనక దాక్కుంది.

"నాయన వచ్చినాడు, పో పాపా" అన్నాను.

పిల్ల ఆయన్ను ఎగాదిగా చూసి ఇంట్లోకి వేలు చూపించింది. "నాయన ఆడుండాడు."

ఆయన నవ్వుతూ లోపలికి వెళ్ళారు. చొక్కా కనబడగానే నవ్వు ఆగిపోయింది. "ఏం పంతులమ్మా, నన్ను గోడకు తగిలిచ్చినావా?" అన్నారు.

"ఆ చొక్కా తొడుక్కోండి, సరిపోతాది" అన్నాను నేను, గొప్ప ఉపాయం చెప్పినట్టు. తొడుక్కున్నారు. పిల్ల ఖాళీ కొయ్యను చూసింది, ఆయన్ను చూసింది, ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఎవరో కొత్తమనిషి వచ్చి వాళ్ళ నాయనను తొడిగేసుకున్నాడు మరి!

చొక్కా తిరిగి కొయ్యకెక్కింది. ఆ పూట ఆయన సరిగా తినలేదు. "నాలుగు దినాలుండాది. ఒక్కసారి నా సంకకెక్కితే సాలు, నిమ్మళంగా పోతా" అన్నారు.

నేను బడికి వెళ్తే పిల్లను పక్కింటి అవ్వ చూసుకునేది. మరునాడు ఆమె ఆయన్ను పట్టుకుంది.

"ఏమప్పా, కొత్తల్లుని మాదిరి బయటే కూసున్నావు?"

"పాప నా దగ్గరికి రాదంటాది అవ్వా."

"కోడిపిల్లను పట్టినట్ల మీద పడితే యాడొస్తాది? గమ్మున కూసో. అదే వస్తాది."

ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. నా సుద్దముక్క అడిగి తీసుకుని, ఇంటి తలుపు నుంచి ఎదుటి వేపచెట్టు నీడ దాకా వాకిట్లో పరిచిన బండల మీద అడుగుకొక గీత గీశారు. మొత్తం తొమ్మిది. తలుపు దగ్గరి గీత మీద ఒలిచిన గింజలు పెట్టి, చివరి గీత దగ్గర వీపు తిప్పి కూర్చునేవారు. పిల్ల తినేశాక మరో గుప్పెడు తర్వాతి గీత మీద. రెండో రోజు సాయంత్రానికి నాలుగో గీత. మూడో రోజు ఏడో గీత దాకా వచ్చింది. అక్కడ ఆయన ఉండబట్టలేక తిరిగి చూశారు. పిల్ల ఒక్క పరుగున ఇంట్లో దూరింది.

"ఎవురు సూడమన్న్యారు నిన్ను?" అని అవ్వ గోడవతల నుంచి కేకేసింది. "శానా కొలిచినావులే!"

నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు. నేను ఒంటిపూట సెలవు పెట్టాను. వాకిలంతా ఎండ, ఆయన కూర్చున్నచోట మాత్రమే నీడ. పిల్ల ఒక కాయ పట్టుకుని, ఒలిపించుకోవడానికి కాబోలు, తనంతట తానే బయలుదేరింది. సగం దూరం దాటాక బండల వేడి కాళ్ళకు తగిలింది. వెనక్కి ఆరు గీతలు, ముందుకు మూడు. "కాలతాంది, కాలతాంది!" అని గంతులేసుకుంటూ పోయి ఆయన ఒళ్ళోకి ఎక్కి, రెండు పాదాలూ ఆయన తొడ మీద పెట్టేసుకుంది. ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నారు. "ఒలిచియ్యి" అంది. ఒక్క కాయ ఒలవడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో!

బస్సు దగ్గరికి ఆయన సంకలోనే వచ్చింది. నేను తీసుకోబోతే ఖాకీ చొక్కా రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. విడదీశాను. గొంతు చించుకుని ఏడవసాగింది. నాకూ కళ్ళు నిండాయి. ఆయన మాత్రం కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, ముఖమంతా నవ్వుతో, "ఇనపడతాందా? నా కోసరమే! నా కోసరమే ఏడుస్తాంది!" అని బస్సు కనుమరుగయ్యేదాకా నాకు చెబుతూనే ఉన్నారు.