గీత దాకా నిండని గొట్టం

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోదని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

నరసరావుపేటలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని నేను. నూజెండ్ల వైపు నుంచి ఒక రైతు భార్య నెలకోసారి వచ్చేది. పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె గుండెలో లోహపు వాల్వు వేశారు. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఎంత వేసుకోవాలో నా పరీక్షను బట్టే డాక్టరు చెబుతారు.

ఆ పరీక్షకు నీలం మూత గొట్టం వాడతాం. అందులో ముందే కాస్త సిట్రేట్ ద్రవం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుని గడ్డ కట్టనివ్వదు. తర్వాత మేం మళ్లీ కాల్షియం కలిపి, గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తాం. కాల్షియం ఉంటేనే రక్తంలోని ప్రోథ్రాంబిన్ అనే ప్రోటీన్ థ్రాంబిన్‌గా మారుతుంది. ఆ థ్రాంబిన్ తగిలితేనే ఫైబ్రినోజెన్ అనే ఇంకో ప్రోటీన్ దారాలుగా అల్లుకుని గడ్డ కడుతుంది. గొట్టం మీద గీత ఊరికే పెట్టలేదు. రక్తం గీత దాకా రాకపోతే సిట్రేట్ ఎక్కువై, మేం కలిపిన కాల్షియాన్ని కూడా మింగేస్తుంది. గడ్డ ఆలస్యమై, రక్తం ఉన్నదానికంటే పల్చగా ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. ఇదంతా కోర్సు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మొహమే నాది.

మా వైపు రక్తం తీయించుకోవడమంటే ఒంట్లో సత్తువ తోడిచ్చేసినట్టే అనుకుంటారు. ఆ రోజు పిన్నికి నరం దొరక్క రెండుసార్లు పొడిచాను. గొట్టం సగం దాటిందో లేదో ఆమె చెయ్యి లాక్కోబోయింది.

"చాల్లేమ్మా, ఎంత తోడతావు? పొద్దుట్నుంచి తిన్నదే లేదు, ఏడనుంచి వచ్చుద్ది?"

వెనక వరసలో జనం. మళ్లీ పొడవాలంటే నాకు విసుగు. సర్లే అని సూది తీసేశాను.

రక్తం బాగా పల్చబడిందని రిపోర్టు వచ్చింది. డాక్టరు మాత్ర సగం చేశారు. మూడు వారాలకు వాల్వు మీద గడ్డ కట్టి, ముక్క తలలోకి పోయింది. పిన్నికి కుడి చెయ్యి పడిపోయింది. ఆ మాట వినగానే నాకు ఆ గొట్టమే గుర్తొచ్చింది.

మళ్లీ పరీక్షకు ఆమెను భర్త తీసుకొచ్చాడు. అందరి ముందూ తిడుతూనే ఉన్నాడు.

"డాక్టరు సగం ఏసుకోమంటే ఇంత గడ్డ కట్టిద్దా? ఆ సగం కూడా ఎగ్గొట్టుంటది. చెబితే ఇంటేగా."

"నీ మీద ఒట్టయ్యా, ఒక్కరోజు మానలా," అంది ఆమె. మాట ముద్దగా వస్తోంది.

నేను కొత్త గొట్టం మీద ఆమె పేరు రాస్తున్నాను. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఊళ్లో పరువు పోతుంది. ఆమె మంచి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వన్నా చెప్పమ్మా ఈయనకి. నే మానలేదని నీ పరీక్షలో తెలిసిద్దిగా."

సిగ్గులేని నోరు నాది. "ఇకనుంచైనా మానకుండా వేసుకో పిన్నీ," అన్నాను.