అయ్య నేర్పిన దెబ్బ

బర్మాలోని యాంగోన్‌లో బేస్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందిలో జోగి ఒకడు. పడుచుతనంలో దేశం జట్టుకు ఆడాడు. ఇప్పుడు లత అనే పేటలో ఒక దుకాణంలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. ఆదివారాలు ఊరి చివర గ్రౌండులో కుర్రాళ్లకు ఆట నేర్పుతాడు. వాళ్లు అతన్ని 'సయా' అంటారు, అంటే గురువుగారని. జోగి ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి ఓడెక్కి వచ్చినవాడు. ఇంట్లో మాట ఇప్పటికీ అక్కడిదే.

జోగి పెళ్లి చేసుకోలేదు. సంచౌంగ్ పేటలో, అప్ప అని పిలిచే అక్క కోటేశ్వరి ఇంట్లోనే ఉండేవాడు. బావ వీరన్నకు క్రికెట్ పిచ్చి. ఆ ఊళ్లో క్రికెట్ ఆడేవాళ్లు దొరక్క, చెక్కపలకను చెక్కి బ్యాటు చేసి, సందులో కొడుకు భాస్కర్‌తో ఆడేవాడు. బంతి వచ్చేచోటికి కాలు ముందుకు వేసి, మోచెయ్యి పైకెత్తి, బ్యాటు నిటారుగా దించి కొట్టడం వాడికి నేర్పాడు.

కరోనా మూడోసారి విరుచుకుపడిన వానాకాలంలో వీరన్నకు ఊపిరి అందలేదు. జోగి ఆక్సిజన్ కోసం పొద్దుటి నుంచి వరసలో నిలబడ్డాడు. సిలిండరు భుజానికెత్తుకుని మేడమెట్లు ఎక్కేసరికి కోటేశ్వరి మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. సిలిండరును గుమ్మంలోనే దించాడు. ఆ సాయంత్రమే పక్కవీధి వాళ్లెవరో వచ్చి, మొహమాటపడుతూ అడిగి దాన్ని పట్టుకుపోయారు.

అయ్య పోయినప్పటినుంచి భాస్కర్ మాటలు బాగా తగ్గించేశాడు. వాణ్ని ఇంట్లోంచి కదిలించడానికే జోగి గ్రౌండుకు తీసుకెళ్లాడు. వాడి కన్ను చురుకు, చేతులు చురుకు. కానీ బంతి రాగానే ఒళ్లంతా ముందుకు తూలిపోయేది. నడుం తిరిగేది కాదు. దెబ్బలో బలమంతా చేతుల్లోనే.

"బరువు ఎనక కాలిమీద ఉంచు. ముందు నడుం తిప్పు, చేతులు దాని ఎనకాల రావాల," అన్నాడు జోగి.

"ఇది అయ్య నేర్పింది మావా."

"తెలుసురా," అన్నాడు జోగి. "అయ్య నేర్పిన ఆట వేరు, ఇది వేరు. బంతి ఇక్కడ నేలమీద పడి రాదు."

ప్లంబింగు పైపు ముక్క పాతి, దానిమీద బంతి పెట్టి కొట్టించాడు. పాత టైరును చెట్టుకు కట్టి బాదించాడు. వాడి నడుముకు తాడు చుట్టి, కొట్టే క్షణంలో వెనకనుంచి లాగి, నడుం ఎప్పుడు తిరగాలో ఒంటికే తెలిసేట్టు చేశాడు. వెనక మోచెయ్యి ఎగిరితే వేలితో తట్టేవాడు. రెండు వానాకాలాలు గడిచాయి. ఒక ఆదివారం బంతి కంచె దాటి అవతలి మడుగులో పడింది. కుర్రాళ్లంతా కేకలేశారు. ఆ రోజు భాస్కర్ నవ్వడం చూసి, జోగి మొహం తిప్పుకుని చెమట తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండానే వాడు మెట్లమీద ఒంటరిగా కూర్చుని కనిపించాడు. పక్కన వీరన్న చెక్కిన బ్యాటు ఉంది.

"ఏటైందిరా?"

"సందులో పిల్లలు ఆడదాం అన్నారు. అయ్య కొట్టినట్టు కొడదామని సూశాను. రాట్లేదు మావా. నడుం తిరిగిపోతంది. అయ్యది ఎలగుండేదో మర్సిపోయాను."

జోగి వాడి పక్కన కూర్చున్నాడు. తను క్రికెట్ ఎప్పుడూ ఆడలేదు. వాడికి తిరిగి చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. వాడు ఏడుస్తున్నంతసేపూ వీపుమీద చెయ్యి వేసి ఉంచాడు.

పద్దెనిమిదో ఏట భాస్కర్‌ను విదేశంలో ఆడబోయే జట్టుకు ఎంపిక చేశారు. కానీ ఆ వయసు మగపిల్లలు సైన్యంలో చేరాలన్న చట్టం అప్పటికే అమల్లో ఉంది. వాళ్లను దేశం దాటనివ్వడం లేదు. జట్టు వాడు లేకుండానే వెళ్లింది. కొన్నాళ్లకు, సైన్యానికి ఎవరిని పంపాలో తేల్చడానికి వార్డులో తీసిన చీటీల్లో వాడి పేరు వచ్చింది. కోటేశ్వరి ఆ మాట విని పొయ్యి ఆపేసి వచ్చింది. "నా పెనిమిటిని ఇచ్చేశాను. ఈణ్ని ఇవ్వను," అని, వాడి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

నదికి అవతల ట్వంటే అనే ఊళ్లో కుండలు చేసే ఒక కుటుంబం జోగికి తెలుసు. వాళ్లింట్లో దాచారు. జోగి పడవమీద నది దాటి చూడ్డానికి వెళ్లినప్పుడు, భాస్కర్ కుండలు కాల్చే ఆవం వెనక వెదురు కర్ర పట్టుకుని ఉత్తి గాలిని కొడుతున్నాడు. వెనక కాలు, నడుం, భుజాలు, చేతులు ఒకదాని వెంట ఒకటి జారి వచ్చాయి. ఇన్నేళ్లలో అంత శుభ్రమైన ఊపు జోగి ఎవరి దగ్గరా చూడలేదు. దిద్దడానికి ఏమీ మిగల్లేదు.

"సరిగ్గా ఉందా మావా?"

"ఉంది," అన్నాడు జోగి.

మరునాడే ఒక దళారి వాణ్ని సరిహద్దు దాటించి థాయిలాండ్ చేర్చాడు. అక్కడ కోళ్లు కోసి పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో పని దొరికింది. కాగితాలు లేనివాడు కాబట్టి గేటు దాటి తిరగడానికి భయం. తిరిగొస్తే ఇక్కడ పట్టుకుంటారు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. అమ్మతో మాట్లాడి, చివర్లో మావకు ఫోను ఇవ్వమంటాడు.

మొన్న చేసినప్పుడు జోగి అడిగాడు: "ఆడతన్నావేటి?"

"ఎవులతో మావా?" అన్నాడు భాస్కర్. తర్వాత, ఫ్యాక్టరీలో మాంసం ఉంచే చలిగదిలో నిలబడి నిలబడి వేళ్లు కొంకర్లు పోతున్నాయని, పొద్దున్నే పిడికిలి బిగించడం కుదరడం లేదని చెప్పాడు. వేడినీళ్లలో పెట్టుకోమన్నాడు జోగి. ఇంతలో అవతల ఎవరో పిలిచారు, ఫోను ఆగిపోయింది.

కోటేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నాతో పొడిపొడిగా మాటాడేడు. నీతో ఏటన్నాడు?"

"బాగున్నాడంట అప్పా," అన్నాడు జోగి.

ఆమె కంచాలు పెట్టింది.