అమ్మవారి కుడిచెయ్యి

ఏ దేవతకు ఎన్ని చేతులో, ఏ చేతిలో ఏముంటుందో నాకు అక్షరాలు రాకముందే తెలుసు. మా నాన్నగారు గుండుగొలను దగ్గర ఒక ఊళ్ళో అర్చకులు. పొద్దున ఆయన ధ్యానశ్లోకాలు చదువుతుంటే పక్కన కూర్చుని అప్పజెప్పేదాన్ని, సాయంత్రం భజనలో తాళాలు వాయించేదాన్ని. ఈ చదువుతోనే గొప్ప చిత్రకారిణిని అవుతానని నా నమ్మకం. అయితే శ్లోకం అమ్మవారి చేతిలో పద్మం ఉందని చెబుతుంది కాని, దాన్ని పట్టుకున్న వేళ్ళు ఎలా వంగుతాయో చెప్పదు. బొటనవేలు ఎక్కడ మొదలవుతుందో అసలే చెప్పదు.

ఏలూరులో బొమ్మల కాలేజీలో చేరాక ఈ లోటు బయటపడింది. నేను గీసిన దేవతలంతా చేతుల్ని కొంగులోనో, పూలదండల వెనకో పెట్టుకునేవారు. మా డ్రాయింగ్ మాస్టారు తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. ఒకరోజు నా బొమ్మల్ని వరుసగా పరిచి చూసి అడిగారు:

"ఏమ్మా, మీ దేవుళ్ళందరికీ చలేస్తోందా?"

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ నవ్వును అపచారం కింద జమకట్టి, మనసులో లెంపలు వేసుకున్నాను. వాళ్ళ తరఫున కూడా.

మాస్టారి సూత్రం ఒకటుంది. "ముందు కళ్ళు పెట్టెయ్. కళ్ళు కుదిరితే మిగతాదంతా వాటి చుట్టూ వచ్చి కూర్చుంటుంది." నేను దాన్ని శ్లోకంలాగే కంఠతా పట్టాను.

మొదటి ఏడు చివర, సొంతంగా ఒక పెద్ద బొమ్మ పూర్తిచేసి చూపించినవాళ్ళకే పెయింటింగ్‌లో సీటు అన్నారు. మిగిలినవాళ్ళు అక్షరాలు, ప్రకటనలు నేర్పే సెక్షన్‌కు వెళ్ళాలి. ప్రకటనలు గీసుకునేందుకా అమ్మవారు నాకు ఈ చెయ్యి ఇచ్చింది అనుకుని మూడు పూటలా మొక్కుకున్నాను. ఆవిడ వెంటనే విన్నది. అంత వెంటనే వినకపోయినా బాగుండేదని తర్వాత అనిపించింది.

కొల్లేటి లంకలో చేపల చెరువుల మీద బతికేవాళ్ళు కొత్తగా భజన మందిరం కట్టుకున్నారు. లోపలి గోడ మీద అమ్మవారి బొమ్మ వేయించాలని నాన్నగారిని అడిగితే, "మా అమ్మాయి అదే చదువుతోందండీ" అన్నారాయన. పీఠం మీద కూర్చున్న అమ్మవారు, ఎడమచేతిలో పద్మం, కుడిచేత అభయం. సెలవుల్లో రోజూ బస్సు దిగి, పడవ ఎక్కి అక్కడికి వెళ్ళేదాన్ని. మాస్టారు చెప్పినట్టు ముందు కళ్ళు పెట్టాను. కుదిరాయి. నిజంగానే ముఖం, కిరీటం, చీర అన్నీ ఆ కళ్ళ చుట్టూ వచ్చి కూర్చున్నాయి. ఎడమచేతిని పద్మం రేకుల వెనక దాచగలిగాను. అభయహస్తాన్ని దాచడం కుదరదు కదా. బొగ్గుతో మూడు వేళ్ళు, కొంచెం అరచెయ్యి గీసి, ధైర్యం చాలక మిగతాది మర్నాటికి వదిలేసి వచ్చాను.

మర్నాడు వెళ్ళేసరికి గోడకు బంతిపూల దండ వేలాడుతోంది. నేను రెండు రోజులు కష్టపడి నునుపు తేల్చిన నుదుటి మీద రూపాయి కాసంత కుంకుమ. కింద కొబ్బరిచెక్కలు. భజన నడిపించే మామ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఇంకా అవ్వలేదండీ మామ్మగారూ," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"అవ్వకపోడవేంటండి అమ్మాయిగారూ? అమ్మోరు కళ్ళు తెరిసేసింది. రాత్రి హారతిచ్చేశాం."

"చెయ్యి మిగిలిపోయిందండీ."

"చెయ్యి సంగతి ఆయమ్మ సూసుకుంటది. కళ్ళు తెరిసిన తల్లి మీద కుంచె పెడతారా? మీరే సెప్పండి, పంతులుగారి అమ్మాయి కదా."

ఆచారం నాకు తెలియనిది కాదు. విగ్రహానికి కళ్ళు చిట్టచివర తెరుస్తారు. తెరిచాక ఇక ఉలి తగలకూడదు. అది రాతి విగ్రహాలకు గాని గోడ మీద రంగులకు కాదనుకున్నాను. లంకవాళ్ళు మాత్రం రాయికీ రంగుకీ తేడా చూడలేదు. భక్తిలో వాళ్ళు నాకంటే గట్టివాళ్ళని ఒప్పుకోవలసి వచ్చింది.

నాన్నగారిని పిలిపించాను. నా సీటు ఆయన మాట మీద ఉంది. ఆయన బొమ్మను చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని శాస్త్రం చెప్పారు. బంగారు సూది కావాలి, ఎదురుగా అద్దం పట్టాలి, మంత్రం ఉండాలి, ఇవేవీ జరగలేదు కనక ఇది ఇంకా ఉత్త బొమ్మే అన్నారు. నేను అప్పుడే బ్రష్ తడుపుతున్నాను.

మామ్మగారు చేతులు కట్టుకుని నెమ్మదిగా అడిగింది. "మరైతే పంతులుగారండీ, రాత్రి మేం ఇచ్చిన హారతి ఎవరికండీ?"

నాన్నగారు నా వైపు చూశారు. గోడ వైపు చూశారు. జీవితమంతా హారతి ఇచ్చిన మనిషి ఆ ప్రశ్నకు 'ఎవరికీ కాదు' అని ఎలా చెబుతారు?

"బ్రష్ కడిగేసుకో అమ్మడూ," అన్నారు.

అంతటితో ఆగారా? కూర్చోబెట్టి ప్రసంగం కూడా చేశారు. తల్లి ఇచ్చే అభయానికి అంతు లేదు గనక ఆ చేతికి గీత పూర్తికాలేదట. నాన్నగారు అంత బాగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. జనం కళ్ళు తుడుచుకున్నారు. కోపంగా ఉన్నా నేనూ తుడుచుకున్నాను. ఎందుకంటే చివర నాన్నగారు ఇచ్చిన హారతి వెలుగులో అమ్మవారు నిజంగానే నన్ను చూసింది. ఆ కంటిలో తెల్లచుక్క పెట్టింది నేనే, ఏ రంగుతో పెట్టానో కూడా తెలుసు. అయినా చూసింది.

కాలేజీలో ఫొటో చూపించాను. పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"కళ్ళు బాగున్నాయి. కుడిచెయ్యి ఎప్పుడు పూర్తవుతుంది?"

"ఇంక అవ్వదండీ."

"అదేం?"

"అమ్మవారు కళ్ళు తెరిచేశారండీ."

మా మాస్టారు దగ్గు నటిస్తూ కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. పూర్తికాని బొమ్మకు సీటు లేదన్నారు పెద్దాయన. ఏడాదిపాటు ప్రకటనల సెక్షన్‌లో కూర్చుని, అప్పుడు చేతులు చూపించి మళ్ళీ అడగమన్నారు.

ఆ ఏడాదంతా పొద్దున అక్షరాలు దిద్దాను, మిగతా పొద్దంతా చేతులు గీశాను. చేపల మీద ఐసు దిమ్మలు పగలగొట్టే చేతులు, వలకు ముడులు వేసే చేతులు, ఆదివారం మాస్టారింటికి వెళ్ళే ప్యాసింజర్‌లో జామకాయలకు ఉప్పూకారం అద్దే చేతులు. ఇంటికొస్తే నాన్నగారిని అభయముద్రలో కూర్చోబెట్టేదాన్ని. "ఎంతసేపమ్మా? దేవుడు కూడా ఇంతసేపు పట్టమనడు," అనేవారు, చెయ్యి దించకుండానే. ఎముక ఎక్కడ ఆగుతుందో, చర్మం ఎక్కడ మడత పడుతుందో అప్పుడు తెలిసింది. బొటనవేలు మణికట్టు దగ్గరే మొదలవుతుందనీ తెలిసింది. మరుసటి ఏడు సీటు వచ్చింది. ఇప్పుడు నా బొమ్మలు చూసినవాళ్ళు ముందు చేతుల గురించే మాట్లాడతారు. ఇన్ని చేతులు గీసిన నాకు, ఆ ఒక్క చెయ్యి గీసే అనుమతి మాత్రం లేదు.

లేదనే అనుకున్నాను. కొన్నేళ్ళ తర్వాత మామ్మగారు ఫోన్ చేసింది.

"అమ్మాయిగారండీ, అమ్మోరి చెయ్యి అరిగిపోతందండి. ఓసారి వచ్చి దిద్దిపెట్టండి."

వెళ్ళి చూస్తే విషయం అర్థమైంది. చెయ్యి సరిగ్గా మనిషి భుజం ఎత్తున ఉంది. వచ్చినవాళ్ళంతా దాన్ని తాకి, వేలికంటిన బొగ్గును నుదుట పెట్టుకుంటున్నారు. ఆడవాళ్ళ కుంకుమ కింద, పిల్లల బుగ్గల మీద, మామ్మగారి నెరిసిన పాపిట దగ్గర నా బొగ్గు మరకలే. గోడ మీద రెండు వేళ్ళే మిగిలాయి.

"రంగు కుదరదండి. బొగ్గయితే పర్లేదు, బొట్టులాంటిదే కదా," అని మామ్మగారే శాస్త్రం తేల్చేసింది. నా వెంట వచ్చిన నాన్నగారు తల ఊపారు.

ఇన్నాళ్ళ చదువంతా పెట్టి గీశాను. కణుపులు, అరచేతి గుంట, తల్లి చేతికుండే మెత్తదనం, అయిదు వేళ్ళూ. వెనక్కి జరిగి చూసుకుంటే నాకే దణ్ణం పెట్టాలనిపించింది. మామ్మగారు దగ్గరికొచ్చి, మెడ వంచి చూసి, పెదవి విరిచింది.

"ఇది మా అమ్మోరి చెయ్యి కాదండి."

"అదేంటండీ? ఇప్పుడే కదా సరిగ్గా కుదిరింది!"

"మరీ బాగుందండి. ఇది సినిమా హీరోయిన్ చెయ్యిలా ఉంది. మా తల్లికి మూడు వేళ్ళే. బొటనేలు కూడా కాస్త వంకర. అలాగే వెయ్యండి, మేం మొక్కుకున్నది దానికే."

నాన్నగారి వైపు చూశాను. ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని జపంలో ఉన్నారు.

తడిగుడ్డతో తుడిచేశాను. పాత ఫొటో తెప్పించుకుని పక్కన పెట్టుకున్నాను. ఆ వంకర రావడం ఎంత కష్టమో! గీత నాకు తెలియకుండానే సరైన చోటికి వెళ్ళిపోతోంది. దాన్ని వెనక్కి లాగి, ఏమీ రాని ఆ పిల్ల భయపడిన చోట భయపడి, ఆమె ఆగిపోయిన చోట ఆగాలి. సాయంత్రానికి కుదిరింది.

అప్పటినుంచి జాతరకు ముందు ప్రతి ఏడూ వెళ్ళి గీసి వస్తున్నాను. పోయిన ఏడు మామ్మగారు చూసి, "ఇదండీ మా తల్లి చెయ్యి," అంది. ఎప్పటిలాగే మొదట తాకింది ఆవిడే. తన నుదుట రాసుకుని, మిగిలిన బొగ్గును నా నుదుట పెట్టింది. ఏలూరు వచ్చేదాకా నేను తుడుచుకోలేదు.