గుసగుసల ఇల్లు

తమిళనాడు సరిహద్దు ఊరు తడలో మేము అద్దెకుండేది ఒక మిద్దె మీది రెండు గదుల వాటా. మా ఆయనకు అక్కడికి దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో షిఫ్టులు మారుతూ ఉండేవి. పాప పుట్టిన కొన్నాళ్లకు రాత్రి షిఫ్టే ఖాయమైపోయింది. పొద్దు గూకే వేళకు కంపెనీ బస్సు ఎక్కితే, మరునాడు పిల్లలు పళ్లు తోముకునే వేళకు దిగేవారు. రెండు ఇడ్లీలు తిని, స్నానం చేసి, లోపలి గదిలో పడుకునేవారు. ఆ గది తలుపు సరిగ్గా పడేది కాదు. సందులోంచి ఆయన పాదాలు కనపడుతుండేవి.

ఇక అప్పటి నుంచి సాయంత్రం దాకా మా ఇంట్లో చప్పుడు చేయకూడదు. ఆయన ఎప్పుడూ గట్టిగా కసిరింది లేదు. కానీ నిద్ర చాలక ఎర్రబడిన ఆ కళ్లు చూస్తే నాకే ప్రాణం ఉసూరుమనేది. మెషిన్ల దగ్గర పని, ఒక్క క్షణం కునుకు పట్టినా చెయ్యి పోతుందని ఒకసారి అన్నారు. ఆ మాట నాలో పాతుకుపోయింది. కుక్కర్ విజిళ్లన్నీ ఆయన బస్సు దిగకముందే అయిపోవాలి. స్టీలు గిన్నెలు పాత తువ్వాలు మీద బోర్లించేదాన్ని. బకెట్లోకి నీళ్లు పడితే శబ్దం రాకుండా కుళాయికి ఒక గుడ్డ పేలిక కట్టి, దాని కొస బకెట్ అడుక్కి వదిలేదాన్ని. మా అమ్మ మనవరాలికి చేయించిన పట్టీలకు మువ్వలుండేవి. వాటిని విప్పి బీరువాలో పెట్టాను.

పాపకు మూడేళ్లప్పుడు బాబు పుట్టాడు. వాడు ఏడుపు మొదలుపెట్టగానే భుజాన వేసుకుని డాబా మీదికి పరుగెత్తేదాన్ని. నా వెనకే పాప, అరికాళ్లు నేలకు ఆనీ ఆనకుండా మెట్లెక్కి వచ్చేది. ఎండాకాలంలో డాబా పెనంలా కాలుతుండేది. నీళ్ల ట్యాంకు నీడలో ఒక చాప పట్టేంత చోటుంది. మా పగళ్లు చాలా వరకు ఆ చాప మీదే గడిచాయి. దూరంగా రోడ్డు మీద లారీల మోత. ఎదురింటి డాబా మీద ఒకామె వడియాలు పెడుతుండేది. ఆమెది అరవం, నాకు ముక్క రాదు. ఒకరినొకరం చూసుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వుతో ఆ పూటకు పెద్దవాళ్లతో నా మాటలు అయిపోయేవి.

ఆ రోజుల్లో సంతోషం లేదని చెప్పలేను. కథలన్నీ చెవిలో చెప్పేదాన్ని. పాప తన చెవి తెచ్చి నా పెదాలకు ఆనించి పెట్టేది. పులి గాండ్రించిందని నేను ఊపిరితో చెబితే, దాని మెడ మీద వెంట్రుకలు లేచేవి. శబ్దం లేకుండా పెదాలు మాత్రం కదిపి, ఏ కూరో చెప్పుకోమనే ఆట ఒకటి దానంతట అదే కనిపెట్టింది. బెండకాయకూ దొండకాయకూ తేడా దానికి ఇట్టే దొరికిపోయేది. నాకే దొరికేది కాదు. నేను తప్పు చెబితే రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వేది. అక్కను చూసి బాబు కూడా అట్లాగే, నోరు తెరిచి, బొజ్జ కదిలిస్తూ, చప్పుడు లేకుండా నవ్వడం నేర్చుకున్నాడు. నేను వాళ్లిద్దరినీ చూసి మురిసిపోయేదాన్ని. ఎంత బుద్ధిమంతులు నా పిల్లలు అనుకునేదాన్ని.

పాపను ఎల్‌కేజీలో వేసిన కొన్ని వారాలకు వాళ్ల టీచర్ నన్ను పిలిపించింది. చిన్న వయసు అమ్మాయి, మెత్తగానే మాట్లాడింది.

"పాప గొంతు ఎప్పుడైనా డాక్టరుకి చూపించారా మేడమ్?"

"ఎందుకండీ?"

"పేరు పిలిస్తే పలకదు. దగ్గరికి పోయి వంగితే చెవిలో చెప్తుంది. పిల్లలందరూ రైమ్స్ అరిచి పాడతారు కదా, తను పెదాలే కదిలిస్తుంది. బాత్రూమ్ వచ్చినా నా కొంగు పట్టి లాగుతుందే గానీ అడగదు. మొన్న ఎవరో తోస్తే కింద పడి మోకాలు గీసుకుంది. ఏడ్చింది. కానీ శబ్దం రాలేదు."

చివరి మాట అనేటప్పుడు ఆమె నా ముఖం చూడలేదు.

ఇంటికి నడిచి వస్తూ, దారిలో ఒక కొట్టు అరుగు మీద పాపను కూర్చోబెట్టి అడిగాను. "టీచర్ పేరు పిలిస్తే ఎందుకమ్మా పలకవు?"

అది నా చెవి దగ్గరికి వచ్చింది. "నాన్న నిద్దరపోతా ఉండాడు గదా."

"స్కూలు యాడ, మన ఇల్లు యాడ? నాన్నకి వినపడదు తల్లీ."

అది నన్ను నమ్మనట్టు చూసింది. మళ్లీ చెవిలోనే అంది. "ఒకేళ వినపడితే?"

ఆ పూట మా ఆయనతో చెప్పాలనుకున్నాను. లేచి, కాఫీ తాగి, బాబును ఒక్కసారి ఎత్తుకుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయారు. చెప్పడానికి కావలసినంత సేపు మా ఇద్దరికీ ఏ రోజూ దొరికేది కాదు.

స్కూలుకు సెలవులిచ్చాక పిల్లలను తీసుకుని మైపాడు వెళ్లాను. అది సముద్రపొడ్డు ఊరు, మా పుట్టిల్లు. మా అమ్మ ఇప్పటికీ పడవల దగ్గర చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల వీధుల్లో అమ్ముతుంది. ఆమె గొంతు మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. చిన్నప్పుడు ఆ గొంతు వింటే నాకు సిగ్గేసేది. నా స్నేహితురాళ్లు నవ్వేవాళ్లు.

చేరిన రోజే అమ్మ కనిపెట్టేసింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏదో అడిగింది. అది చెవిలో జవాబు చెప్పింది.

"ఏందమ్మే ఇది, దొంగసొత్తు బేరం మాదిరి చెవిలో చెప్తా ఉండాది? గొంతు యాడ పారేసుకోనొచ్చింది?"

జరిగింది చెప్పాను. అమ్మ పాప జుట్టు నిమురుతూ అంతా వింది. 

"బిడ్డ సంగతి సరే," అంది. "నువ్వు గూడా అట్టనే మాట్లాడతా ఉండావు, తెలుసునా? నువ్వు వచ్చినకాడి నుంచి చూస్తా ఉండా. నీ నోట్లో మాట నీ నోట్లోనే ఉండిపోతా ఉండాది."

నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

అమ్మ ఆ తరవాత పాపను గట్టిగా మాట్లాడమని ఒక్కసారి కూడా అడగలేదు. తెల్లవారగానే తనతో పాటు పడవల దగ్గరికి తీసుకుపోయేది. ఎండెక్కక ముందు వీధుల్లోకి పోయేటప్పుడు వేలు పట్టుకుని నడిపించేది. ఒక చిన్న ప్లాస్టిక్ బుట్టలో గుప్పెడు నెత్తళ్లు వేసి, "ఇయ్యి నీ సరుకు, నువ్వే అమ్ముకోవాల" అని చెప్పింది. పాప ఆ బుట్టను రెండు చేతులతో పొట్టకు హత్తుకుని వెళ్లి, సగం చేపలు కాకులకు వేసి వచ్చేది. ఒళ్లంతా నీచు వాసన. నేను తల దువ్వబోతే నెత్తిలో పొలుసులు దొరికేవి.

ఒకరోజు పొద్దున బాబుకు పెరటి తొట్టి దగ్గర స్నానం చేయిస్తున్నాను. అమ్మ గొంతు దూరంగా వినిపించింది, "చేపలమ్మా, చేపలూ" అని. దాని వెనకే ఇంకో గొంతు. సన్నగా, కాస్త బొంగురుగా, చివర్లో బాగా పైకి పోయి విరిగే గొంతు. "చేపలోయ్!" అని.

ఎవరో పిల్ల, పక్క వీధిదేమో అనుకున్నాను. బాబు ఒంటి మీద నీళ్లు పోశాను. మళ్లీ వినిపించింది. బాబు ఠక్కున తల తిప్పి, నవ్వి, వేలు చూపించి "అక్క" అన్నాడు.

 కన్న బిడ్డ గొంతు నేను గుర్తుపట్టలేదు. వాడు గుర్తుపట్టాడు. చెంబు అట్లాగే తొట్టిలో వదిలి, తడి పిల్లవాడిని చంకనేసుకుని వీధి మలుపు దాకా పరుగెత్తాను. మా అమ్మ గంపతో ముందు పోతోంది. వెనక నా కూతురు, మెడ నరాలు పొంగేలా, కళ్లు మూసుకుని అరుస్తోంది. ఒక ఇంటి గడపలో నిలబడ్డ ఆమె "అబ్బో, మనవరాలు అవ్వని మించిపొయ్యేట్టుండాదే" అంటోంది. నేను దగ్గరికి పోలేదు. నన్ను చూస్తే మళ్లీ చెవిలో గుసగుసలకు దిగుతుందేమోనని భయం. గోడ చాటున నిలబడి, ఆ కేక ఇంకో వీధిలోకి తిరిగి వినపడకుండా పోయేదాకా విన్నాను.

సెలవులు అయ్యాక తడ వచ్చాము. బస్సు దిగి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. తాళంచెవితో మెల్లగా తలుపు తీశాను, అలవాటు కొద్దీ. పాప గడపలోనే ఆగి లోపలి గది సందులోంచి కనపడే పాదాలను చూసింది. తరవాత నా వైపు చూసింది. నేను సంచి కింద పెట్టాను. 

"నాన్నా! చేపలోయ్!"

ఆయన ఉలిక్కిపడి లేచి, లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చారు. ఎవరికో ఏదో అయిందని అనుకున్నట్టున్నారు. పాప నా చీర కుచ్చిళ్లలో దాక్కుంది. ఆయన నన్నూ, దాన్నీ మార్చి మార్చి చూశారు.

"ఎవరు అరిచింది?"

"పాప," అన్నాను.

"మన పాపేనా?" అని అక్కడే కింద కూర్చున్నారు. నేను నిలబడే అంతా చెప్పాను, టీచర్ మాటలూ, కొట్టు అరుగు మీది మాటలూ. ఆయన అడ్డు రాకుండా విన్నారు. "పిల్లలు మెత్తని స్వభావం అనుకున్నా. మా ఫ్యాక్టరీ మోతకి నాకే చెవులు మందగించినాయేమో, అందుకని సరిగా వినపడడం లేదేమో అని గూడా అనుకున్నా" అన్నారు. పాపను దగ్గరికి పిలిచి, "ఇంకోసారి అను తల్లీ" అన్నారు. అది అనలేదు. సిగ్గుపడింది. సాయంత్రం ఆయన బస్సుకు బయల్దేరి మెట్లు దిగిపోయాక, పిట్టగోడ పట్టుకుని ఆయన వీపు మీదికి ఆ కేక వేసింది. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు.

మరునాడు ఆయన ఫ్యాక్టరీలో వాడే చెవుల బిరడాలు తెచ్చుకున్నారు. నారింజ రంగు స్పాంజివి. అవి పెట్టుకుని పడుకుంటే పిల్లలు గంతులేసినా లేచేవారు కారు. నేను కుళాయి గుడ్డ విప్పేశాను, పట్టీలు తీసి పాప కాళ్లకు పెట్టాను. కొన్ని నెలల్లో మా ఇల్లు అందరి ఇళ్లలాగే అయింది. పాపను కాస్త మెల్లగా మాట్లాడమనండని ఇప్పుడు టీచర్ చెబుతోంది. మూడేళ్లు నిండిన బాబు అంగన్‌వాడీకి పోతున్నాడు, వాడి గొంతు అక్కను మించింది.

పిల్లలిద్దరూ బడికి వెళ్లాక ఇంట్లో నేనూ, నిద్రపోతున్న ఆయనా మిగులుతాము. ఒక మధ్యాహ్నం వంటింట్లో డబ్బా మూత రాక, ఊరికే, ఎన్నేళ్లకో, నోరారా "ఏమండీ!" అని పిలిచాను. ఇంత పెద్ద గొంతు నాకుందా అనిపించింది. గదిలోకి తొంగి చూశాను. ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నారు, చెవిలో నారింజ రంగు బిరడా కనపడుతోంది. ఇంకొకసారి పిలిచాను, పేరు పెట్టి. కదలలేదు.

మూత నేనే తీసుకున్నాను. పెసలు నానబోసి, బయటికి వచ్చి, పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఎదురింటి డాబా మీద ఎవరూ లేరు. బడి వదలడానికి ఇంకా చాలా పొద్దుంది.