చాచా చూడని ఆఫ్రికా

నెల్లూరు నుంచి వచ్చిన ఉత్తరం మా ఆఫీసు పోస్టుబాక్సులో వారం రోజులు పడి ఉంది. నేను విప్పేసరికి చాచా పోయి ఇరవై రోజులు దాటింది. ఉదయం నమాజు చేసుకుని, టీ అడిగి, అది వచ్చేలోపే వెళ్లిపోయారట. వాళ్ల అబ్బాయి నాలుగు ముక్కలే రాశాడు.

ఆయన నాకు చుట్టం కాదు. దుబాయ్‌లోని దేరాలో నేను పనిచేసే చిన్న ట్రావెల్ ఆఫీసులో పెద్ద గుమాస్తా. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి టైపిస్టుగా చేరిన రోజు నుంచీ ఆయన్ను చాచా అనే పిలిచాను. ఆఫ్రికాకు జంతువులను చూడబోయే దొరలు, కంపెనీ ఇంజనీర్లు ఆయన బల్ల ముందే కూర్చునేవారు. టిక్కెట్టు రాయడం ఎంతసేపు, ఆ తర్వాతే ఆయన అసలు పని మొదలయ్యేది. నలుపు, నీలం బట్టలు వద్దు, కుట్టే ఈగలు వాటి మీదికే వస్తాయి. గట్టి పెట్టె చిన్న విమానంలో పట్టదు, మెత్తటి సంచీ చాలు. తెల్లవారుజామున చలి, స్వెటర్ పెట్టుకోండి. దుబాయ్ ఎండలో స్వెటరేమిటని వాళ్లు నవ్వితే ఆయన నవ్వేవారు కాదు. బండి దిగవద్దని మాత్రం రెండుసార్లు చెప్పేవారు. "మనమే చూడాలని పోతున్నాం. అవేమీ మనల్ని పిలవలేదు" అనేవారు.

తిరిగొచ్చిన ప్రతివారికీ టీ తెప్పించి, ఏది పనికొచ్చింది, ఏది రాలేదని అడిగి రాసుకునేవారు. సగం జీవితం అక్కడే గడిపారేమోనని అందరూ అనుకునేవారు. నెల్లూరు, బొంబాయి, దుబాయ్ తప్ప ఆయన మరో ఊరు చూడలేదని నాకు తెలుసు.

ఒక వేసవిలో మా ఆఫీసుకు కెన్యా యాత్ర ఒకటి ఉచితంగా వచ్చింది. ముదీర్, అంటే మా మేనేజరు, ఆలోచించకుండా చాచా పేరు చెప్పాడు. మర్నాడే ఆయన మట్టిరంగు చొక్కా కొనుక్కున్నారు. ఆఫ్రికా పోయేవాళ్లకు వేసే పచ్చజ్వరం సూది వేయించుకోబోతూ నన్నూ లాక్కెళ్లారు. ఒకసారి పొడిస్తే పదేళ్లు పనిచేస్తుంది, ఎప్పటికైనా పోకుండా ఉంటావా అన్నారు.

ప్రయాణం నాలుగు రోజులుందనగా చిక్కు బయటపడింది. ఆయన పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లో, మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని ఇంట్లో, ఇనప్పెట్టెలో ఉంది. కఫీల్ తాళంచెవులతో సహా లండన్ వెళ్లాడు. ఎన్ని ఫోన్లు చేసినా దొరకలేదు. నాది మాత్రం వీసా పని మీద ఆఫీసు బీరువాలోనే ఉంది.

 ఆ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక చాచా నా దగ్గరికి వచ్చి, ఆ చొక్కా నా బల్ల మీద పెట్టారు.

"ఊరికే పోగొట్టుకోవడమెందుకు. నువ్వు పో అబ్బయా."

వెళ్లాను. చూశాను. తిరిగొచ్చాక అందరినీ కూర్చోబెట్టి అడిగే మనిషి నన్ను మాత్రం ఏమీ అడగలేదు. మలేరియా మాత్రలు వేసుకుంటున్నావా అని ఒక్క మాట అడిగారు. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలని అందరికీ టైపు చేసి ఇచ్చేది నేనే. చేదు భరించలేక, దిగిన వారమే మానేశాను. వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను.

మూడో వారం, షార్జాలో నేనుండే గదిలో వణుకు పట్టుకుంది. గదిలోవాళ్లు ఎండదెబ్బ అన్నారు. నేను పనికి రాలేదని చాచా వెతుక్కుంటూ వచ్చారు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, నా పెట్టె తెరిచి మిగిలిన మాత్రలు చూశారు. తిట్టలేదు. టాక్సీ తెచ్చి నన్ను ఎక్కించి, ఆసుపత్రిలో డాక్టరు నోరు తెరవకముందే, వీడు ఆఫ్రికా పోయొచ్చాడు, రక్తం చూడండి అన్నారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడివి కాదని డాక్టరు తర్వాత నాతో చెప్పాడు.

జ్వరం దిగిన మధ్యాహ్నం ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"అబద్ధం చెప్పిన, చాచా," అన్నాను. "అసలు మీరు పోయేదుండె."

ఆయన స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నారు.

"నువ్వు చెబితే, నేను పోలేదనేది నిజమైపోతుందనిపించింది అబ్బయా. అందుకే అడగలా. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. పొద్దున్నే గడ్డి మీద పొగలాగా లేచే మంచు, ఏనుగు గుంపు రోడ్డు దాటేదాకా ఆగిపోయిన మా బండి, జీపులో నా పళ్లు టకటకలాడిన చలి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. జిరాఫీల దగ్గరికి వచ్చేసరికి కళ్లు తెరిచి, అవి ఎట్లా నడుస్తాయని అడిగారు. ఒక పక్క కాళ్లు రెండూ ఒక్కసారే కదులుతాయని, వాటికి తొందరుండదని చెప్పాను.

అలాంటి యాత్ర మా ఆఫీసుకు మళ్లీ రాలేదు. రెండేళ్ల కిందట ఆయన నెల్లూరు వెళ్లిపోయారు. ఉత్తరం చదివినప్పటి నుంచీ నాకు ఆ ఆసుపత్రి వార్డే కళ్ల ముందు ఉంటోంది. ఆ రోజు జిరాఫీల నడక సంగతి నేను చెప్పగానే చాచా స్టూలు మీంచి లేచి, చెప్పులు విడిచి, మెడ నిటారుగా ఎత్తారు. కుడి చెయ్యి, కుడి కాలు కలిపి ఒక అడుగు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు కలిపి ఇంకో అడుగు. రెండు వరుసల మంచాల నడుమ, రోగులందరూ తలలు ఎత్తి చూస్తుండగా, ఎవరినీ పట్టించుకోకుండా, ఎండ పడుతున్న ఆ చివరి తలుపు దాకా మెల్లగా నడుచుకుంటూ వెళ్లారు.