నాగమణిని అడగని రోజు

మొన్న కొండపల్లిలో చుట్టాలింట్లో కట్టెలపొయ్యి మీద కాగిన నీళ్లతో స్నానం చేశాను. ఆ పొగవాసన తగలగానే మార్తమ్మగారు గుర్తొచ్చి, చెంబు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పందొమ్మిది వందల డెబ్బైల్లో భవానీపురంలో, మొగుళ్ల దెబ్బలకు తాళలేక వచ్చేసిన ఆడవాళ్ల కోసం ఆవిడ ఒక హోమ్ నడిపేవారు. రిటైరైన నర్సు. ఎవరొచ్చినా ముందు వేణ్ణీళ్లు, అన్నం. ఆ తర్వాతే మాటలు. వీపు రుద్దేటప్పుడే ఎక్కడెక్కడ కమిలిందో చూసేసేవారు, గుచ్చి గుచ్చి అడిగి ఏడిపించేవారు కాదు.

నేను బీఏ పాసై, లోకమంతా నాకే తెలుసన్న ధీమాతో ఆవిడ దగ్గర పనికి చేరాను. మొదటిరోజే ఒక మాట చెప్పారు. "కమలా, ఎవరి కోసం ఎవరొచ్చినా ఉందనీ చెప్పకు, లేదనీ చెప్పకు. వరండాలో కూర్చోబెట్టి, లోపలికెళ్లి ఆ పిల్లనే అడుగు, కలుస్తావా అని. కన్నతల్లి వచ్చినా అంతే." ఇదెక్కడి చాదస్తం అనుకున్నాను.

పామర్రు నుంచి వచ్చిన నాగమణికి విరిగిన మణికట్టు అప్పుడప్పుడే అతుక్కుంటోంది. ఒక మధ్యాహ్నం మార్తమ్మగారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాగమణి తండ్రి వచ్చాడు. ముసలాయన, కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు. "ఒక్కసారి చూసి పోతానమ్మా." నా మనసు కరిగిపోయింది. "నాగమణీ, మీ నాన్నగారొచ్చారు!" అని వరండాలోంచే కేకేశాను. వచ్చింది. "నా పరువు నిలబెట్టు తల్లీ" అంటూ ఆయన ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. కాదనలేక కట్టుబట్టలతో వెళ్లిపోయింది. వీధి మలుపులో, రిక్షాలో అల్లుడు కూర్చుని ఉన్నాడు.

"కలుస్తావా అని ఆ పిల్లను అడిగావా?" అన్నారు మార్తమ్మగారు వస్తూనే.

"తండ్రే కదండీ..."

"తండ్రి కాబట్టే అడగాలి. ఎదురుగా నిలబెట్టాక కాదంటుందా?"

మర్నాడే ఇద్దరం పామర్రు బస్సెక్కాం. నాగమణి గడప లోపలే నిలబడి, భర్త మొహంకేసి చూసి, "బాగానే ఉన్నానండీ" అంది. "నీ మంచం ఎవరికీ ఇవ్వను" అని చెప్పి వచ్చేశారు ఆవిడ. రెండు నెలలు ఇవ్వలేదు. తర్వాత, దెబ్బలకు నాగమణి పోయిందని కబురొచ్చింది. ఆ మంచం మీద వేరొకరికి పక్క వేస్తూ నేను భోరుమన్నాను. మార్తమ్మగారు నా భుజం మీద చెయ్యేశారు.

"నువ్వు చంపలేదు కమలా. కానీ అడగలేదు."

నన్ను పని మాన్పిస్తారనుకున్నాను. మర్నాడూ వరండాలో నన్నే కూర్చోబెట్టారు. ఆవిడ పోయాక కూడా ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నాను. ఎందరో తండ్రులు నా ముందు ఏడ్చారు. లోపలికెళ్లి ఆ పిల్లనే అడిగేదాన్ని. కొందరు వచ్చేవాళ్లు, కొందరు రానని తల అడ్డంగా ఊపేవాళ్లు. నాగమణి ఏమనేదో నాకు ఈనాటికీ తెలియదు.